వడిసెలతో విసిరిన గాలం

నేను అక్షరాలు నేర్చింది నలభై దాటాక. నా రాతలో సొగసు వెతకొద్దు. చేపను ఎట్లా పట్టామో చెప్తాను, ఎంత పొడవుందో చెప్తాను, ఒక్క వేలు కూడా కలపను. గాలం వేసేవాళ్లు అబద్ధాలాడతారని ఒక పేరుంది. చేప పడనివాళ్లకు ఆ అవసరం ఉండొచ్చు. మాకు రాలేదు.

డెబ్బైల మొదట్లో మాట. అప్పటికి నేను గోదావరిఖనిలో బొగ్గుబాయి దిగి ఏడేళ్లు తట్టా చెమ్మస్ పని చేశాను. పేల్చిన బొగ్గును చెమ్మస్ అనే పారతో తట్టకెత్తి టబ్బులో పోసే పని అది. ఎనిమిదో ఏట పైకప్పు నుంచి బండ ఒకటి జారి నా కుడి భుజం మీద పడింది. మూడు నెలలు దవాఖానలో పడుకున్నాను. ప్రాణం మిగిలింది, చెయ్యి మిగిలింది. కానీ ఆ చెయ్యి రొమ్ము దాటి పైకి లేవదు. అన్నం కలుపుకోవచ్చు, బీడీ ముట్టించుకోవచ్చు. చెమ్మస్ పట్టరాదు.

నన్ను బాయి బయట మట్టి పనిలో వేశారు. బొగ్గులో రంధ్రం వేసి మందు కూరాక ఆ రంధ్రం నోటిని మట్టితో బిగించాలి. బిగించకపోతే మందు బలమంతా వెనక్కి తన్నుతుంది, బొగ్గు పగలదు. అందుకోసం జానెడు పొడవు మట్టి గోళీలు చేసి కిందికి పంపుతాం. గోళీలంటాం గానీ గుండ్రంగా ఉండవు, అప్పడాల కర్రలా ఉంటాయి. వాటిలో తడి ఉండాలి. ఎండిపోతే పగుళ్లిస్తాయి. అట్లాంటివి పోతే మందు పేల్చేవాడు కింది నుంచి తిట్టి వెనక్కి పంపుతాడు. ఆ పనికిరానివన్నీ షెడ్డు వెనక కుప్ప పోసేవాళ్లం.

నా పాత జతగాళ్లు షిఫ్టు దిగి వస్తూ షెడ్డు ముందు ఆగేవాళ్లు.

"ఏమన్నా, ఇయ్యాల ఎన్ని రొట్టెలు చేసినవే?"

నేనూ నవ్వేవాణ్ణి. ఇంటికొచ్చాక ఆ నవ్వు ఉండేది కాదు.

నాకు మిగిలింది చెరువు. రామగుండం పక్క పల్లెది. కట్ట నుంచి నీళ్లలోకి చొచ్చుకుపోయిన పెద్ద బండ ఒకటుంది. ఆ బండ ముందు ముప్పై, నలభై గజాల దాకా నాచు. కాలు పెడితే మోకాలికి చుట్టుకునేంత చిక్కటి నాచు. అది దాటితే నల్లని నీళ్లు. అక్కడ కూడా అడుగున నాచు ఉంది, కాకపోతే పొట్టిగా ఉంది. పెద్ద చేపలు తిరిగేది ఆ నల్లనీళ్లలోనే. సర్కారువాళ్లు తెచ్చి పోసిన బంగారుతీగ చేపలు. పసుపు రాసినట్టు పొట్ట, నోటి పక్కన మీసాలు. పొద్దున ఎగిరి పడితే బండకేసి బట్ట ఉతికిన చప్పుడొచ్చేది. మిగతా కట్టంతా నాచు వంద గజాలుంది, అక్కడి నుంచి ఎవరూ ఏమీ చేయలేరు.

నేను ఎడమ చేత్తో విసిరితే గాలం పదిహేను గజాలు పోయేది. నాచు సందుల్లో చిన్న చేపలు దొరికేవి. నాకు అవి చాలు. ఆ బండ మీద కూర్చున్నంతసేపు నేను మట్టి పిసికేవాణ్ణి కాదు. ఆ చోటు పోతే నాకు మంచం తప్ప ఇంకో చోటు లేదు.

ఒక ఆదివారం పొద్దున పోయేసరికి బండ పక్కన కర్ర పాతి, దానికి రంగు వేసిన చెక్క కొట్టి ఉంది. మంచి ఆధారం దొరికిందని నా అంగీ విప్పి దానికి తగిలించాను.

కాసేపటికి మా ఆఫీసు పెద్ద గుమాస్తా వచ్చాడు. అందరం పెద్దసారు అనేవాళ్లం. హైదరాబాదు నుంచి రీలున్న రాడ్డు కొనుక్కొచ్చుకున్నాడు. చక్రం తిప్పితే తీగ దానంతటదే చుట్టుకునేది. నెలనెలా నా బొటనవేలు పట్టుకుని సిరాలో అద్దేది కూడా ఆయనే.

"ఏమయ్యా, నీ అంగీ కింద బోర్డుంది. చదివావా?"

"నాకు రాదు సార్."

"ఈ బండ రిజర్వు అని రాసుంది."

"ఎవలకు సార్?"

"రాసినవాడికి."

కట్ట మీదున్నవాళ్లు పకపకా నవ్వారు. నేను అంగీ తీసుకున్నాను గానీ బండ దిగలేదు.

ఆ చెరువు మీద హక్కు చేపలవాళ్ల సంఘానిది. వాళ్ల పెద్దమనిషిని అందరం కాకా అనేవాళ్లం. అప్పుడు పక్కనే కూర్చుని వలలో నాచు ఏరుతున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"సారూ, చెరువు మాది, బండ మాది. ఎవల నడిగి పాతినవ్ గా బోర్డు?"

"నేను పెద్ద చేపలు పట్టేవాణ్ణి కాకా. పట్టిన దాంట్లో నీకు సగం ఇస్తాను. ఈయన వేలెడు చేపలకు ఇంత బండ ఆపితే ఎట్లా?"

కాక వల దులిపాడు. నాచు తప్ప ఏమీ రాలలేదు.

"నా వలలకు గడ్డే వస్తున్నది, చేప వస్తలేదు. గా పెద్ద బంగారుతీగ ఎవలకన్న పడ్తదా సూద్దాం." తన మోచేతి నుంచి వేలి కొస దాకా చూపించాడు. "నా చేత మూరన్నర ఉండాలె. తక్కువైతే లెక్కలకు రాదు. పెత్రమాస లోపట ఎవల గాలానికి ఒడ్డెక్కితే బండ గాళ్లది. ఓడినోళ్లు మల్ల కట్ట దిక్కు రావొద్దు. పెత్రమాస నుంచి ఎట్లనో తొమ్మిది దినాలు చెరువు బతుకమ్మలది, ఆడోళ్లది. గాలాలు బంద్."

పెత్రమాసకు, అంటే పెద్దల అమావాస్యకు, ఇంకా రెండు ఆదివారాలున్నాయి. పెద్దసారు సరే అన్నాడు. నేను ఇంకా జల్దిగా సరే అన్నాను.

ఇంటికి పోయి నా భార్యకు చెప్పాను. ఆమె జొన్నలు చెరుగుతోంది.

"నీ చెయ్యి లేవది. గాలం పదిహేను గజాలు దాటది. ఒప్పుకునేటప్పుడు గీ ముచ్చట యాదికి రాలేదా?"

"వచ్చింది."

"మరెట్ల ఒప్పుకున్నవ్?"

"నోరు లేస్తది గదనే."

చాట పక్కన పెట్టి లోపలికి పోయింది. ట్రంకు పెట్టె అడుగు నుంచి తాడు చుట్ట ఒకటి తెచ్చి నా ముందు పడేసింది. వడిసెల. పెళ్లికి ముందు ఆమె పుట్టింటి జొన్నచేనులో మంచె మీద నిలబడి పిట్టలు కొట్టేది. ఆ ఊళ్లో ఆమె విసిరింది పక్క చేను దాటి పడేదని మా అత్త చెప్పేది. నేను నమ్మేవాణ్ణి కాదు.

"నేను ఇసురుత. చేపను నువ్వు గుంజు. గుంజనీకె ఎడమ చెయ్యి సాలు," అంది.

ఇక బరువు సంగతి. గాలానికి సీసం కడితే దూరం పోతుంది. కానీ పోయి నాచులో దిగుతుంది. లాగితే వేరు పట్టినట్టు పట్టుకుంటుంది. నేను ఆలోచించాను. మట్టి కడితే? పోయేటప్పుడు బరువుంటుంది, నీళ్లలో కరిగితే వచ్చేటప్పుడు ఉండదు. ఈ లోకంలో మట్టి గురించి నాకు ఎవరైనా చెప్పాలా? చెరువు కట్ట కింది మట్టి తెచ్చి, షెడ్డులో చేసినట్టే తడి చూసి, గట్టిగా పిసికి, నిమ్మకాయంత ఉండలు చేశాను. పగులు లేదు, గరుకు లేదు. అంత మంచి ఉండలు నేను బాయికి కూడా చేయలేదు.

మొదటి ఆదివారం ఇద్దరం పోయాం. కట్ట మీద నా పాత జతగాళ్లు కూడా ఉన్నారు. ఆడమనిషి వడిసెల తీయడం చూసి ఒకడు అరిచాడు.

"వదినా, చెరువుల జొన్న ఏసిండ్రా? పిట్టలు ఏడున్నయ్?"

"కట్ట మీద కూసున్నయ్ మరిదీ. నువ్వు జర వంగు," అంది ఆమె.

గాలం కట్టిన ఉండను వడిసెలలో పెట్టి అలవాటు కొద్దీ తల మీద మూడు తిప్పులు తిప్పింది. మూడు తిప్పులకు తంగుస, అంటే గాలపు నైలాన్ దారం, మూడు చుట్లు చుట్టుకుంది. ఒకటి ఆమె చేతికి, ఒకటి నా తలరుమాలుకు, ఒకటి నా మెడకు. ఉండ నా వీపున తగిలింది. కట్టంతా పడీపడీ నవ్వింది. కాక కూడా నవ్వాడు, అది నాకు ఎక్కువ నొచ్చింది.

చిక్కు తీసుకుని చేత్తోనే విసిరాం. గాలం నాచులో పడింది. ఉండ కరగాలని రెండు బీడీలు కాల్చాను. లాగితే రాలేదు. ఇంకా లాగితే తంగుస తెగింది. తెగిన కొసను చేత్తో పట్టుకుని చూస్తూ కూర్చున్నాను.

పెద్దసారు మాత్రం రాడ్డుతో అవలీలగా నల్లనీళ్లలో వేశాడు. ఆయనకు ఆ రోజు మూడు చేపలు తగిలాయి. మూడుసార్లూ సీసం నాచులో చిక్కుకుంది, ఆయన బలం కొద్దీ లాగాడు, తీగ టప్పుమంది. మూడింటినీ నాచుకే ఇచ్చి ఇంటికి పోయాడు. పోతూ, "వచ్చే ఆదివారం ఇంకా లావు తీగ తెస్తాను," అన్నాడు. నేను చూసింది వేరే. లావు తీగ కాదు ఆయనకు కావలసింది. చేప వచ్చేటప్పుడు బరువు ఉండకపోవడం. ఆలోచన నాదే సరైంది. మట్టే తప్పుతోంది.

మంగళవారం పెద్ద వాన పడింది. బుధవారం డ్యూటీకి పోయి షెడ్డు వెనక చూశాను. ఎండి పగిలి, తిట్లు తిని వెనక్కొచ్చిన గోళీల కుప్ప మొత్తం చిత్తడి బురద అయింది. ఒక్కటి కూడా మిగల్లేదు. అదే వానలో బయట మరిచిపోయిన తడి గోళీలు మాత్రం కడిగిన సొరకాయల్లా మెరుస్తూ అట్లాగే ఉన్నాయి. నా తల నేనే కొట్టుకున్నాను. తడి మట్టి నీళ్లు తాగదు. బాగా ఎండిన మట్టే గబగబా తాగి విచ్చుకుంటుంది. మూడేళ్లుగా రోజూ కళ్ల ముందే ఉంది. బాయికి ఏది పనికిరాదో చెరువుకు అదే కావాలి. బాయి కోసం చేసి చేసి చెరువుకు కూడా బాయి గోళీనే చేసిపెట్టాను నేను.

ఇంటికొచ్చి చెప్తే ఆమె నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"మా చేన్ల రాళ్లు పడితే కొడవలి మొద్దు వారుతదని మట్టి ఉండలే ఎండవెట్టి కొట్టేటోళ్లం. వానకు చేన్లనే కరిగిపొయ్యేటియి."

"మరి ఆదివారం నాడు చెప్పలేదేందే?"

"నువ్వు మట్టి పని చేసేటోనివి గదా. నీకు నేను జెప్పాల్నా?"

కట్టమట్టిలో పిడికెడు తవుడు కలిపి, ఉండ నడుమ నుంచి సన్నని నూలుదారం పోనిచ్చి, మూడు రోజులు ఎండలో పెట్టాం. పెరట్లో నీళ్ల గోలెంలో చెరువు నాచు తెచ్చి వేసి, ఒక ఉండ వేసి చూశాం. ఒక బీడీ కాలేలోపు అది పిండిలా విచ్చుకుపోయింది, తవుడు పైకి లేచింది. కానీ గాలం బరువుకు ఎర నాచు లోపలికి దూరిపోయింది. చేప కళ్లకు కనపడదు. ఆమె పక్కనే ఉన్న ఎండు జొన్నదంటును విరిచి, లోపలి తెల్లని బెండు చిటికెనవేలి గోరంత కోసి, గాలానికి గుచ్చి దాని కింద ఎర పెట్టింది. మక్కపిండి, పల్లిచెక్క, కాస్త బెల్లం కలిపి ఉడికించిన ఎర. ఈసారి అది నాచు మీద బెత్తెడెత్తున నిలబడి ఊగింది. మేమిద్దరం గోలెం మీద వంగి పిల్లల్లా చూస్తూ ఉండిపోయాం.

విసరడం కూడా ఆమే సరిచేసింది. ఉండలు ఎండుతుండగానే, క్వార్టర్ల వెనక మైదానంలో నాలుగు సాయంత్రాలు. తల మీద తిప్పడం మానేసింది. వడిసెలను వెనక్కి వేలాడదీసి, కింది నుంచి పైకి ఒకటే విసురు. తంగుసను తడి గోనె మీద వెడల్పు చుట్లుగా పరిచి పెట్టేవాణ్ణి. చుట్ట మీద చుట్ట పడకుండా చూడడం నా పని. శనివారం నాటికి ఉండ యాభై గజాలు పోయింది. నేను అడుగులేసి కొలిచాను, రెండుసార్లు.

ఆదివారం, పెత్రమాసకు ముందు రోజు. పెద్దసారు తెల్లవారకముందే వచ్చి బండకు కుడిపక్క నిలబడ్డాడు. మేం ఎడమపక్క. కాక నడుమ వెనగ్గా కూర్చున్నాడు. కట్ట మీద పోయినసారి కంటే ఎక్కువ జనం. నవ్వడానికే వచ్చారు.

ఆమె చీర కొంగు బిగించింది. ఒకటే విసురు. గోనె మీది చుట్లు సర్రున లేచిపోయాయి. నాచు దాటి, నల్లనీళ్లలో, ఎక్కడ చేప ఎగురుతుందో అక్కడ, ఉండ టుబుక్కున పడింది. కట్ట మీద ఒక్కరూ నవ్వలేదు.

ఉండ కరిగే దాకా తంగుస ముట్టుకోలేదు. తర్వాత కూడా ముట్టుకోలేదు. ఎర కరిగిందని అనుకున్నప్పుడల్లా వెనక్కి లాగి మళ్లీ కట్టాం. బరువు లేని గాలం నాచు మీది నుంచి తేలిగ్గా జారి వచ్చేది. పెద్దసారు ఒక చేపను తగిలించి పోగొట్టాడు. కొత్త లావు తీగ తెగలేదు, గాలమే వంగిపోయింది.

పొద్దు నడినెత్తికి వచ్చింది. ఏడో విసురో ఎనిమిదోదో. గోనె మీద తంగుస కొంచెం కదిలింది. ఆగింది. తర్వాత నాలుగు చుట్లు ఒకేసారి మాయమయ్యాయి.

"గుంజు!" అని అరిచింది ఆమె.

ఎడమ చేత్తో లాగి పట్టాను. అవతల ఎవరో మనిషి లాగినట్టుంది. తంగుస అరచేతిని కోసింది. రుమాలు చుట్టుకున్నాను. చేప నల్లనీళ్లలో ఒక చుట్టు తిరిగి నేరుగా నాచులోకి దూరింది. అంతే, రాయిని పట్టుకున్నట్టు ఆగిపోయింది.

"లాగవయ్యా!" అన్నారు కట్ట మీద.

"గట్టిగా లాగకు, తెగుతుంది," అన్నాడు పెద్దసారు. నిజం చెప్పాలి, ఆ మాట ఆయన మంచికే అన్నాడు. అప్పటికి ఆయన కూడా తన రాడ్డు కింద పెట్టేశాడు.

నేను లాగలేదు. తంగుస వదులు చేశాను. నా జతగాడొకడు, "ఇడిసిపెట్టిండు, ఇగ పోయింది," అన్నాడు. నా భార్య నా పక్కన చేరి దారం మీద వేలు పెట్టింది. సీసం ఉంటే అది నాచులో గుచ్చుకుని ఉండేది. మా దారానికి ఏమీ లేదు. తనను పట్టే చెయ్యి లేదనుకున్న చేప తనంతట తానే కదులుతుంది. మేం నమ్మింది అదే.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఆమె మెల్లగా అంది.

"వస్తున్నది."

నేను బండ దిగి, దారం ఎత్తి పట్టుకుని, కట్ట మీదికి వెనక్కి నడిచాను. ఒక్కో అడుగు. తంగుస పైకి లేచింది, దానితో చేప తల పైకి లేచింది. తల లేచిన చేప ఇక కిందికి దూరలేదు. నాచు మీది నుంచి, చాప మీద లాగినట్టు, ఆ పసుపుపచ్చ చేప పక్కకు ఒరిగి జారుతూ వచ్చింది. ఆమె మోకాళ్ల దాకా నీళ్లలో దిగి, రెండు చేతులా మొప్పల కింద పట్టి, ఒడ్డుకు విసిరినంత పని చేసింది.

కాక వచ్చి వంగి మూర పెట్టాడు.

"మూర. అర మూర. ఇంకా మూడు వేళ్లు." లేచి నిలబడి తన చెయ్యి తానే చూసుకున్నాడు. "ఈ చెరువుల నా వల సూడని చేప."

పెద్దసారు గొంతు సవరించుకున్నాడు. "కాకా, పందెం నాకూ ఈయనకూ. విసిరింది ఈయన కాదు కదా."

జనం గొణిగారు. నాకు కోపం వచ్చింది, నోరు తెరిచేలోపు ఆమే అంది.

"సారు జెప్పింది బరాబరే కాకా. ఇసిరింది నేను. బండ నాకియ్యి."

కాక ముందు నన్ను చూశాడు, తర్వాత పెద్దసారును చూశాడు. తర్వాత నవ్వాడు, ఈసారి ఆ నవ్వు నాకు నొవ్వలేదు.

"నేను గాలం అన్న గాని మొగోని గాలం అన్ననా? రేపటి సంది చెరువు ఎట్లనో ఆడోళ్లది. బండ గూడ పో. ఇచ్చిన బిడ్డా."

"మరి నేను?" అన్నాను.

"అడిగి కూసో," అన్నాడు కాక.

పోయినసారి పిట్టల మాట అన్న జతగాడు చేపను భుజాన వేసుకుని క్వార్టర్ల దాకా ఊరేగించాడు. "మా వదిన కొట్టిన పిట్ట సూడుండ్రి!" అని దారంతా అరుస్తూ నడిచాడు. తర్వాత ఎప్పుడూ షెడ్డు ముందు ఆగి రొట్టెల లెక్క అడగలేదు. మట్టి ఎన్నాళ్లు ఎండబెట్టాలని అడిగేవాడు.

పెద్దసారు మాట మీద నిలబడి రాడ్డు సర్దుకున్నాడు. బోర్డు పీకబోతే ఆమె ఆపింది.

"అది ఉండనియ్యి సార్. పొలుసు గీకనీకె ఇంట్ల చెక్క లేదు. చేప కూర అయినంక మీ ఇంటికి గిన్నె పంపుత."

పంపింది కూడా. గిన్నె తిరిగి వచ్చినప్పుడు ఖాళీగా రాలేదు, అందులో మంచి గాలాలు ఆరు ఉన్నాయి. పండుగ పోయాక ఆయన కట్ట కిందే నిలబడి రమ్మంటారా అని అడిగాడు. రమ్మని చెయ్యి ఊపింది బండ యజమానురాలు.

ఆ చెక్క మీద ఏళ్ల తరబడి చేపలు కోశాం. పెద్దవాళ్ల బడిలో నేను అక్షరాలు కూడబలుక్కునే నాటికి కత్తి దాదాపు రాతంతా తినేసింది. ఒక సాయంత్రం పొలుసు కడుగుతుంటే మిగిలిన రెండక్షరాలు కనపడ్డాయి. వేలు పెట్టి చదివాను. బండ. పలక మీద కాకుండా నేను చదివిన మొదటి మాట అది. ఆమెను పిలిచి చదివి వినిపించాను.

"గది నాది," అని లోపలికి పోయింది.

ఇద్దరం ముసలివాళ్లమయ్యాం. ఇప్పటికీ చెరువుకు పోతే నిలబడి అడుగుతాను. ఆమె కొంగు బిగిస్తూ వెనక్కి చూడకుండానే చెప్తుంది.

"కూసో. జర ఎడంగ కూసో, ఇసిరే జాగ ఇయ్యి."